పదకొండో రూలు

నా సర్వీసు మొత్తంలో నాకు వచ్చింది ఒకే ఒక్క మెమో. రిటైరైన రోజు సభలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. శాలువా కప్పుతూ ఎవరు మాత్రం ఎత్తుతారు? కానీ ఈమధ్య వార్డెన్లుగా కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు డిగ్నాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. టీ తాగుతూ తాగుతూ, "మేడం, మీరు పిల్లల చేత ఏదో ఆట ఆడించేవారట. దాని మీద మెమో కూడా వచ్చిందట. నిజమేనా?" అని అడిగారు. నిజమే. ఆ రోజు వాళ్లకి చెప్పిందే కాస్త నిదానంగా రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చే మీలాంటివాళ్లకి పనికొస్తుందేమో.

మా దీవుల పెద్ద ఊళ్లో, ఆస్టినాబాద్ వైపు ఒక బాలికల హాస్టల్‌కి నేను వార్డెన్‌ని. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ముప్పై రెండు మంది పిల్లలు, అందరూ బయటి దీవులవాళ్లు. సగానికి పైగా తెలుగు పిల్లలే. తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఓడెక్కితే తప్ప ఇంటికి చేరలేని పిల్లలు. మీ పనేమిటని ఎవరైనా అడిగితే తలలు లెక్కపెట్టడం అనేదాన్ని. బడికి వెళ్లేటప్పుడు లెక్క, తిరిగొచ్చాక లెక్క, అన్నాల దగ్గర మళ్లీ లెక్క. ఒకరు తక్కువైతే, ఆ ఒక్కరూ స్నానాల గదిలో ఉన్నారని తెలిసేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. మా వంట దీదీ నవ్వేది. "మీరు నిద్రలో కూడా వేళ్లు మడుస్తారు మేడం" అనేది.

పిల్లల ఫోన్లు నా ఆఫీసు బీరువాలో ఉండేవి. ఇంటికి మాట్లాడుకోమని ఆదివారం పొద్దున ఒక గంట ఇచ్చేవాళ్లం. ఆ గంటలో ఇంటికి మాట్లాడేది ఐదు నిమిషాలే. మిగతాదంతా ఒక ఆట. ఆ ఆటలో అడవుల్లో, సముద్రాల్లో తిరుగుతూ వింత జీవుల్ని పట్టుకోవాలి, సాకాలి, పెద్దవి చేయాలి, ఒకదానితో ఒకటి పోటీకి దింపాలి. గంట అయ్యాక ఫోన్లు బీరువాలోకి పోతుంటే చిన్నపిల్లలు ఏడ్చేవారు. ఆరో తరగతి పిల్ల ఒకతె రెండు పూటలు అన్నం మానేసింది. ఎందుకమ్మా అంటే, "నాది చిన్నది మేడం, ఇంకా గుడ్డులోంచి ఒచ్చి వారం అవలేదు. వారం దాకా దాన్ని ఎవరు చూస్తారు?" అంది. ఆ పిల్ల బెంగ గుడ్డులోంచి వచ్చిన జీవి గురించి కాదని నాకు తెలుసు. కానీ ఆ బెంగకి అదొక్కటే దారి దొరికింది.

వారానికి మూడు రోజులు కంప్యూటర్ నేర్పడానికి ఒకాయన వచ్చేవాడు. నాకన్నా చాలా చిన్నవాడైనా అందరిలాగే నేనూ భయ్యా అనే పిలిచేదాన్ని. పుట్టింది తెలుగింట్లోనే గానీ నాలుగు మాటల్లో రెండు హిందీ. ఈ ఏడుపులు చూసి ఒకరోజు, "మేడంజీ, ఫోన్ బంద్ అయితే క్యా హువా? గేమ్ బంద్ అవక్కర్లేదు కదా. కాగితం మీద దించేద్దాం" అన్నాడు.

దించడం అన్నంత తేలిక కాదు. యాభై ఆరేళ్ల వయసులో నేను ఫోన్ పట్టుకుని కూర్చుని, ఎగిరే ముళ్లచేప లాంటిదేదో పట్టడానికి మూడు వారాలు తంటాలు పడ్డాను. ఫోన్లో అయితే దెబ్బ ఎంత తగిలింది, జీవి చిక్కిందా తప్పించుకుందా అన్న లెక్కలన్నీ అదే చేసుకుంటుంది. బల్ల మీద ఎవరు చేస్తారు? ఆరో తరగతి పిల్ల చేయగలగాలి. కోసి కోసి ప్రతి జీవికీ మూడు అంకెలు మిగిల్చాం: బలం, ఒడుపు, ఓపిక. మిగతాది రెండు పాచికల మీద వదిలేశాం. మొదటిసారి ఆడిస్తే గంటసేపు ఒక్క జీవీ చిక్కలేదు, పిల్లలు విసుగొచ్చి లేచిపోయారు. అంకెలు మార్చాం. రెండోసారి పది నిమిషాల్లో అన్నీ చిక్కాయి, అప్పుడూ లేచిపోయారు. మూడోసారికి కుదిరింది.

ఫోన్లో జీవులు వద్దు, మీరే పుట్టించండి అన్నాను. పుట్టించారు! ఉప్పుతోక, బురదగుర్రం, పెంకురాణి, ఓడ వెనకాలే ఈదుకుంటూ వచ్చే నల్లనురుగు. మిడిల్ పాయింట్ బజారులో కొన్న అట్టల మీద బొమ్మలు గీసి, కింద తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలి. పిల్లల్లో ఒకరు ప్రతివారం కథమ్మ. చుట్టూ ఏముందో, ఏ చప్పుడు వినిపిస్తోందో కథమ్మ చెప్పాలి. మిగతావాళ్లు తామేం చేస్తారో చెప్పాలి. జీవిని బరిలోకి దించాలంటే దాని అట్ట పైకి చదవాలి, తప్పు చదివితే అది కదలదు. తెలుగు గలగలా మాట్లాడుతూ రెండక్షరాలు కూడబలుక్కోలేని పిల్లలు ఆ ఆట కోసం ఒత్తులు నేర్చుకున్నారు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వమే కాస్త తక్కువైతే బాగుండేది.

చిక్కల్లా అట్టలతో వచ్చింది. ఫోన్లో జీవి ఎక్కడికీ పోదు, ఓడిపోయినా మందిచ్చి లేపుతారు. మా జీవులు పప్పు గిన్నె పక్కన, స్నానాల గది గట్టు మీద, మంచాల కింద దొరికేవి. పొద్దున్నే ఊడ్చే ఆవిడ చెత్తలో మూడు నాలుగు తేలేవి. నాలో వార్డెన్ లేచింది. అప్పటికి ఆటకి పది రూళ్లున్నాయి. గోడ మీద అంటించిన చార్టు కింద ఇంకొకటి నా చేత్తోనే రాశాను. "పదకొండు: విడిచిపెట్టిన జీవి చచ్చిపోతుంది. తిరిగి రాదు."

భయ్యా అది చదివి తల గీరుకున్నాడు. "మేడంజీ, అసలు గేమ్‌లో ఐసా నహీ హై. దాంట్లో ఏదీ చావదు. అందుకే బచ్చాలకి అంత ప్యార్."

"పోతుందన్న భయం లేకపోతే జాగ్రత్త ఎలా వస్తుంది భయ్యా?" అన్నాను.

"జాగ్రత్త కోసం గేమ్ ఎందుకు? దానికి మీరున్నారు కదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

ఆ రూలు రాసిన మొదటి వారమే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె కిటికీ గట్టు మీద తన అట్ట మరిచిపోయింది. ఉత్తరాన దూరపు దీవి పిల్ల. తండ్రికి చిన్న పడవ ఉంది. తల్లి లేదు. ఎక్కువ మాట్లాడదు. అందరి ముందూ ఆ అట్ట తీసి రెండు ముక్కలు చేశాను. అది ఆ పిల్ల పుట్టించిన మొదటి జీవి. ఏడవలేదు. మర్నాటి నుంచి తన అట్టలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టుకుని, ఎక్కడికెళ్లినా చంకన పెట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. నేను మిగతా పిల్లలకి ఆ డబ్బా చూపించి, "చూడండి, జాగ్రత్త అంటే అదీ" అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను.

అలా కొన్ని వారాలు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలు చేపల కూర తిని, బల్లలు తుడిచి, ఆటకి కూర్చుంటున్నారు. భయ్యా కూడా వచ్చాడు. కిటికీ అద్దాలు సన్నగా మోగాయి. మొదట లారీ వెళుతోందనుకున్నాను. ఆ తర్వాత నేల ఒక పక్కకి జారి, మళ్లీ ఇటు జారింది. పైనున్న ఫ్యాన్లు ఊగుతున్నాయి. స్టీలు గ్లాసులు వరసగా బల్ల మీంచి దొర్లాయి.

"బాహర్! అందరూ బయటికి!" భయ్యా అరిచాడు.

ఇక్కడ పిల్లలకి నేల కదలడం కొత్త కాదు. తోసుకోకుండా వచ్చేశారు. ఎదురుగా మైదానంలో వరసగా నిలబెట్టి లెక్కపెట్టాను. ముప్పై రెండు. మళ్లీ పెట్టాను. ముప్పై రెండు. ఎనిమిదో తరగతి పిల్ల వరస చివర నిలబడి ఉంది, నా కళ్లతో చూశాను. చేతులు ఖాళీగా ఉన్నాయని కూడా చూశాను. అందులో ఆలోచించాల్సింది ఏదైనా ఉందని తోచలేదు. పైఅధికారికి ఫోన్ చేసి, "అందరం క్షేమం సార్, ముప్పై రెండు మందీ బయటే ఉన్నారు" అని చెప్పాను.

మాది కొండవాలు. నీళ్లు అంత పైకి రావు. కానీ సునామీ చూసినవాళ్లం కాబట్టి అందరి చూపులూ కిందికి, సముద్రం వైపే ఉన్నాయి. నా చూపు కూడా అటే ఉంది. వీపు హాస్టల్ వైపు ఉంది. మధ్యలో నేల ఇంకోసారి గట్టిగా ఊగి ఆగింది. చిన్నపిల్లలు ఏడుస్తుంటే నీళ్లు తాగించాం. పది నిమిషాలు గడిచి ఉంటాయి. అలవాటు కొద్దీ మళ్లీ లెక్కపెట్టాను.

ముప్పై ఒకటి.

తప్పు లెక్కపెట్టానేమో అనుకున్నాను. మళ్లీ మొదటి నుంచి, ఒక్కొక్కరి తల మీద చేయి వేసి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. వరస చివర ఎవరూ లేరు.

"ఏదీ? అది ఏదీ?"

ఆరో తరగతి పిల్ల మెల్లిగా అంది, "మేడం, ఆ దీదీ డబ్బా మంచం మీదే ఉండిపోయిందన్నాది. తిని ఒచ్చి తీసుకుందాం అనుకున్నాదంట."

ఆ మాట విన్నాక మెట్ల దాకా ఎలా వెళ్లానో నాకు గుర్తులేదు. మోకాళ్ల నొప్పితో ఆ మెట్లు రోజుకి ఒకసారి ఎక్కడమే నాకు గగనం. భయ్యా నాకన్నా ముందే పైకి చేరాడు. పడక గది తలుపు బెత్తెడే తెరుచుకుంటోంది. లోపల స్టీలు బీరువా జరిగి తలుపుకి అడ్డం పడింది.

"అమ్మా! ఉన్నావా? పలుకమ్మా!"

లోపల ఏదో గీసుకున్న చప్పుడు. తర్వాత సన్నగా, "ఉన్నాను మేడం. సెయ్యి పెట్టె కిందుండిపోనాది."

ఇద్దరం భుజాలు పెట్టి తోస్తున్నాం. బీరువా జానెడు కదిలింది. అప్పుడే నేల మళ్లీ ఊగింది. పైకప్పు నుంచి సున్నం పెచ్చులు నా మెడ మీద పడ్డాయి. మీతో దాచడం ఎందుకు, ఆ క్షణంలో నా కాళ్లు మెట్ల వైపు తిరిగాయి. ఒక్క అడుగు వేశాను కూడా. భయ్యా నా వైపు చూడలేదు. "జోర్ సే, మేడంజీ!" అని మాత్రం అరిచాడు. వెనక్కి వచ్చి తోశాను.

సామాన్ల అటక మీది ఇనప ట్రంకు పెట్టె జారి ఆ పిల్ల ఎడమ చేతి మీద పడింది. మణికట్టు వంకరగా ఉంది. చుట్టూ అట్టలు చెల్లాచెదురుగా ఉన్నాయి. కుడిచేత్తో అందినవి డబ్బాలో వేసుకుంటూనే ఉంది. భయ్యా ఎత్తుకుంటే, డబ్బా గుండెకి కరుచుకుని కిందికి వచ్చింది.

ఆసుపత్రికి వెళ్లే బండిలో నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. నొప్పికి పెదవులు తెల్లబడ్డాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. కళ్లు తెరిచి అడిగింది.

"మేడం, నల్లనురుగు మంచం కిందే ఉండిపోనాది. అందలేదు. అది చచ్చిపోయినట్టేనా?"

"లేదమ్మా. అదేం కాదు."

"మరి పదకొండో రూలు?"

దారి పొడుగునా ఆ పిల్ల నా మొహంలోకే చూస్తూ పడుకుంది.

చేతికి ఆపరేషన్ చేశారు. పెద్ద ప్రమాదం తప్పిందన్నారు. సాయంత్రానికి పైఅధికారి వచ్చి, రెండు రోజుల్లో రిపోర్టు కావాలన్నాడు. మంచివాడే. తలుపు దగ్గర ఆగి గొంతు తగ్గించి, "సామాను కోసం లోపలికి వెళ్లిందని రాయండి మేడం. పిల్లలు సామాను కోసం వెళ్తారు, ఎవరూ తప్పుపట్టరు. ఆటలు, రూళ్లు ఇవన్నీ ఎందుకు? రిటైర్‌మెంట్ దగ్గర పడింది కదా" అన్నాడు.

అలాగే రాశాను. "తన సామాను తీసుకొనుటకై" అని రాశాను. అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అట్టలు కూడా సామానే. సంతకం పెట్టి కవరులో పెట్టాను. కానీ పంపలేదు. సొరుగులో పెట్టి, గంటకోసారి సొరుగు తెరిచి చూసుకున్నాను. గోడ మీద చార్టు అలాగే ఉంది. అటు వైపు చూడకుండా అన్నాలు వడ్డించాం.

మూడో రోజు ఓడలో తండ్రి వచ్చాడు. నేను ఆసుపత్రి వరండాలో ఉన్నాను. నలభై ఏళ్లుంటాయేమో, ఎండకి కమిలిన మనిషి. లోపలికి వెళ్లి పిల్లని చూసి బయటికి వచ్చాడు.

"అంతా బయటికి ఒచ్చేసినారట కదమ్మా. మరి నా పిల్ల లోపలికి ఎందుకెల్లింది? అడిగితే సెప్పట్లేదు. మేడంని తిడతారు నాన్నా అంటాది. ఏటి సంగతి?"

సామాను కోసం అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పిల్ల నన్ను కాపాడుతోందని అప్పుడు అర్థమైంది. పదమూడేళ్ల పిల్ల, విరిగిన చేత్తో. అంతా చెప్పేశాను. ఆట, అట్టలు, నేను చింపిన మొదటి జీవి, పదకొండో రూలు, డబ్బా చూపించి నేను మెచ్చుకోవడం, అన్నీ.

ఆయన గొంతు పెరిగింది.

"కాయితాలా? కాయితం ముక్కల కోసం నా పిల్ల సావబోయిందా? సదువుకోమని ఒగ్గితే ఇదా మీరు నేర్పింది?"

వరండాలో అందరూ తిరిగి చూశారు. చేతులు జోడించాను. ఆయన గట్టు మీద కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేల వైపు చూస్తూ అన్నాడు.

"సునామీ నాడు మా యమ్మా మాతోనే పరుగెట్టింది. సగం గట్టెక్కేసినాం. ఒడ్డున వలుండిపోనాదిరా, తెచ్చేత్తానని ఎనక్కి తిరిగింది. కొత్త వల. నేను సెయ్యి పట్టుకున్నాను, ఇదిలించుకుని ఎల్లిపోనాది. ఆవిడికి ఏ రూలూ లేదమ్మా. ఎవురూ రాయలేదు." ఆగి, తల ఎత్తి నా వైపు చూశాడు. "మడిసి బుద్దే ఎనక్కి లాగుతాది. మీరు దాన్ని ఇంకా లాగేటట్టు రాసినారు. మరోటి రాయండి."

హాస్టల్‌కి వచ్చి సొరుగులోని కవరు చింపి, రిపోర్టు మళ్లీ రాశాను. రూలు ఉన్నదున్నట్టు రాశాను. అందరూ క్షేమమని ముందే ఫోన్ చేసిన సంగతీ రాశాను. పైఅధికారి చదివి, "మీ ఇష్టం" అన్నాడు. నెల తిరక్కుండా మెమో వచ్చింది, విధి నిర్వహణలో అజాగ్రత్త అని. ఆట ఆపమన్నారు. అట్టలన్నీ ఫోన్లున్న బీరువాలోనే పెట్టి తాళం వేశాను. ఆ ఆదివారాలు పిల్లలు ఊరికే బల్లల చుట్టూ కూర్చునేవారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడిగితే బాగుండు అనిపించేది.

సెలవుల తర్వాత పైఅధికారి మారాడు. కొత్తగా వచ్చినావిడ పిల్లల చేత తెలుగు చదివించి చూసి, ఇదెలా వచ్చిందని అడిగింది. చెప్పాను. మెమో కూడా చూపించాను. ఆవిడ ఆలోచించి, "ఆ రూలు మార్చి నాకు చూపించండి" అంది.

ఈసారి నేనొక్కదాన్నే రాయలేదు. భయ్యా, ఎనిమిదో తరగతి పిల్ల, నేను కలిసి కూర్చున్నాం. ఆ పిల్ల చేతి కట్టు అప్పటికి విప్పేశారు గానీ వేళ్లు ఇంకా పూర్తిగా మడత పడేవి కావు. నేల ఊగినప్పుడు ముందు బయటికొచ్చినవాళ్లకి కొత్త జీవి ఇద్దామన్నాను. భయ్యా వెంటనే తల అడ్డంగా ఊపాడు. "నహీ నహీ మేడంజీ. ధక్కాముక్కీ అయిపోతుంది మెట్ల మీద, తోసుకుంటారు." ఆ పిల్ల చాలాసేపు పెన్సిలు కొరుకుతూ కూర్చుని, తర్వాత తనే వంకర అక్షరాలతో రాసింది. "భూమి ఊగితే ఆట ఆగిపోతుంది. జీవుల్ని వదిలేసి వచ్చేయాలి. అవి చావవు, దారి వెతుక్కుని వస్తాయి. అందరూ వస్తే అందరికీ కొత్త జీవి. ఒక్కరు వెనక్కి వెళ్లినా ఎవరికీ లేదు."

పాత చార్టు తీసేసి ఇది అంటించాం. కొత్త రూలుందని నా భయం తగ్గిందనుకోకండి. మంచం కిర్రుమన్నా లేచి కూర్చునేదాన్ని. ఆట మధ్యలో పిల్లలు అట్టలు గట్టిగా పట్టుకుంటే నేను లేచి వెళ్లి తలుపు బార్లా తెరిచి పెట్టేదాన్ని. రాసిన రూలు పిల్లల్లోకి ఎంత దిగిందో నేల ఊగితే తప్ప తెలియదు. ఊగాలని ఎవరు కోరుకుంటారు?

నా ఆఖరి ఏడాదిలో ఊగింది. చిన్నదే. ఆదివారం పదకొండు గంటలవేళ, ఆట మంచి పట్టుమీద ఉంది. నేను ఆఫీసులో ఉన్నాను. కుర్చీ కదిలేసరికి లేచి పరుగెత్తాను. వరండాలోంచి చూస్తే భోజనాల హాలు అప్పటికే ఖాళీ. బల్లల నిండా అట్టలు, పాచికలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ బిస్కెట్ల డబ్బా కూడా మూత తీసి ఉంది. పిల్లలంతా మైదానంలో నిలబడి ఉన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

గడప దిగబోతుంటే హాజరు పుస్తకం గుర్తొచ్చింది. భూకంపం వస్తే దాంతోనే పేర్లు పిలవాలని ఆఫీసు ఉత్తర్వు. వెనక్కి తిరిగి, గదిలోకి వెళ్లి, బల్ల మీంచి తీసుకుని వచ్చాను.

"మేడం! ఎక్కడికెల్లిపోతున్నారు! ఒగ్గేసి రండి!" మైదానంలోంచి అరుపులు.

పుస్తకం పట్టుకుని, రొప్పుకుంటూ వాళ్ల దగ్గరికి చేరాను. ఎనిమిదో తరగతి పిల్ల ఇప్పుడు పదో తరగతి. ఆ వారం తనే కథమ్మ. అందరినీ లెక్కపెట్టేసింది.

"ముప్పై రెండు మేడం. అందరం ఉన్నాం."

"శెభాష్! మరింకేం, అందరికీ కొత్త జీవి!" అన్నాను.

పిల్లలు ఎవరూ గంతులు వేయలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కథమ్మ నా చేతిలోని పుస్తకం వైపు చూసి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"లేదు మేడం. ఈసారి ఎవరికీ లేదు. మీరు ఎనక్కెల్లినారు కదా."